నంబరు వేరుగా ఉందండీ

మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక డైరీ ఉంటుంది. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ, పనమ్మాయి రాని రోజులు అన్నీ అందులోనే. ఈ మధ్య దాని చివరి పేజీలో ఒక కొత్త లెక్క చేరింది. పైన "కారు ప్లగ్గులు" అని, కింద తేదీ, 58,640 కి.మీ., ఒక పొడుగాటి నంబరు, పక్కనే 0.7–0.8 అని రాసి పెట్టాను. మొన్న మా ఆడపడుచు వచ్చి చూసి, "ఇదేంది వదినా, మెకానిక్ షెడ్డు గానీ పెట్టావా ఏంది?" అని ఒకటే నవ్వు.

నేనూ నవ్వాను. కానీ ఆ నంబరు పాల లెక్క పక్కకి ఊరికే రాలేదు. దాని వెనక నేను నెలరోజులు మింగేసిన మాట ఒకటుంది. ఆ సంగతే చెబుతాను.

మాది టర్బో పెట్రోల్ కారు. మూడేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. అప్పటికి 31 వేల కిలోమీటర్లు తిరిగి ఉంది. టర్బో అంటే ఏమిటని కొన్న రోజున అడిగితే, "పికప్ బాగుంటుంది" అన్నారు మావారు. అంతకుమించి నేనూ అడగలేదు. తర్వాత అర్థం చేసుకున్నది నా మాటల్లో చెబుతాను. మా అమ్మ కట్టెల పొయ్యి మీద వండే రోజుల్లో ఊదుడుగొట్టం పెట్టి ఊదేది. గాలి బాగా అందితే మంట లేస్తుంది కదా. టర్బో చేసేదీ అదే. ఇంజన్ నుంచి బయటికి పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని అదిమి ఇంజన్‌లోకి తోస్తుంది. పొయ్యి తన పొగతో తనే ఊదుకుంటున్నట్టన్నమాట. అందుకే మా కారుకి మూడే సిలిండర్లున్నా నలుగురం ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టినా పరుగెడుతుంది.

ఊదితే సరిపోదు, అంటించాలి. ఆ పని స్పార్క్ ప్లగ్గుది. మన గ్యాస్ లైటర్ లాంటిదే. కొనలో రెండు లోహపు ముక్కలు, మధ్యలో సన్నని ఖాళీ. ఆ ఖాళీని దాటడానికి కరెంటు దూకుతుంది, నిప్పురవ్వ పుడుతుంది, పెట్రోలు గాలి అంటుకుంటుంది. మనం లైటర్ పూటకి నాలుగుసార్లు నొక్కుతాం. కారు ప్లగ్గు రెండు చుట్లకి ఒకసారి మెరవాలి. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే సెకనుకి 25 సార్లు. అందులో ఒకటి తప్పినా బండికి తెలుస్తుంది. వరుసగా తప్పితే మనకి తెలుస్తుంది.

ప్లగ్గు నాకు కొత్త కాదు. మా నాన్న మిరప రైతు. ఇంట్లో పాత టూ స్ట్రోక్ స్కూటరు ఒకటి, చేలో మందు కొట్టే పవర్ స్ప్రేయర్ ఒకటి ఉండేవి. రెండింట్లోనూ పెట్రోలులో ఆయిల్ కలిపి పోసేవాళ్లు. ఆ నూనె మసికి ప్లగ్గు ఊరికే మూసుకుపోయేది. పొద్దున్నే స్కూటరు మొండికేస్తే నాన్న ప్లగ్గు ఊడదీసి, అరుగు మీద కూర్చుని, గరుకు కాగితంతో రుద్దేవాడు. ఆ కాగితం పట్టుకునే పని నాది. రుద్దే ముందు మాత్రం నా అరచేతిలో పెట్టి చూపించేవాడు. "రంగు చూడమ్మాయ్. లేత గోధుమ రంగుంటే బండి బాగున్నట్టు. నల్లగా మసి పడితే సరిగ్గా కాలట్లేదని. తెల్లగా పాలిపోతే లోపల మాడిపోతోందని." నాలుక చూసి జ్వరం చెప్పే డాక్టరులాగా ఉండేది ఆయన వాలకం.

ఇంత తెలిసీ నోరు మూసుకున్నాను కాబట్టే ఇది రాస్తున్నాను.

డిసెంబరులో ఒంగోలులో పెళ్లి చూసుకుని గుంటూరు తిరిగి వస్తున్నాం. మార్టూరు దాటాక ఒక లారీని దాటబోతే కారు ఒక్కసారి ఎక్కిళ్లు పెట్టినట్టు కుదిపింది. ముందు ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు దీపం మినుకు మినుకుమంటూ కొట్టుకుంది. మావారు కాలు తేలిక చేయగానే కుదుపు తగ్గింది, దీపం నిలకడగా వెలుగుతూ ఉండిపోయింది. నెమ్మదిగా ఇంటికి చేరాం. ఈ ఒక్క ముక్క మాత్రం మీరు గుర్తుంచుకోండి. ఆ దీపం నిలకడగా వెలుగుతుంటే త్వరగా చూపించుకోమని. ఆగి ఆగి కొట్టుకుంటుంటే మాత్రం సిలిండర్లో మంట తప్పుతోందని. అప్పుడు కాలని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి, అక్కడుండే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని మాడ్చేస్తుంది. కాలు తేలిక చేసి, బండి పక్కకి ఆపుకోవడమే మంచిది. ప్లగ్గులతో పోయేది కాస్తా పెద్ద ఖర్చవుతుంది.

మర్నాడు మావారికి తెలిసిన మెకానిక్ ఇంటికే వచ్చాడు. చూసి, ప్లగ్గులు అరిగాయన్నాడు. సబబే. కారు పుస్తకంలో 60 వేలకి మార్చమని ఉంది, మేం 58 వేలకి దగ్గర్లో ఉన్నాం. గంటలో కొత్తవి తెచ్చి మార్చేశాడు. నేను మజ్జిగ గ్లాసులు పట్టుకుని వెళ్లేసరికి పాత ప్లగ్గులు మూడూ గోడ మీద, కొత్తవాటి డబ్బాలు పక్కనే ఉన్నాయి. చెయ్యి ఊరుకోదు కదా, పాతది ఒకటి తీసి చూశాను. మధ్యలో ఉండే ముల్లు సూది మొనంత సన్నగా ఉంది. కొత్తదాని ముల్లు లావుగా, మొద్దుగా ఉంది. నంబర్లు చూస్తే రెండూ రెండు రకాలు.

"నంబరు వేరుగా ఉందండీ," అన్నాను.

"అన్నీ ఒకటేనమ్మా, కంపెనీని బట్టి నంబర్లు మారతాయి," అన్నాడు మెకానిక్. మావారు నావైపు ఒక చూపు చూశారు. ఆ చూపు మీకూ తెలిసే ఉంటుంది. నలుగురిలో మాట్లాడకు అనే చూపు. కోపం కూడా కాదు, మొహమాటం. తెలిసిన మనిషి, ఇంటికొచ్చి పని చేస్తున్నాడు, నా భార్య ఆయన్ని అనుమానిస్తోంది అనుకుంటాడేమోనని. నేను గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చేశాను. పాత ప్లగ్గులు మాత్రం పారేయబుద్ధి కాలేదు. ఖాళీ కాఫీ సీసాలో వేసి అటక మీద పెట్టాను. ఏదీ పారేయవు అని ఇంట్లో అందరూ ఎగతాళి చేసే అలవాటే అక్కరకొచ్చింది.

కొత్త ప్లగ్గులతో కారు బాగానే నడిచింది. బజారుకి, గుడికి, అమ్మాయిని బస్సెక్కించడానికి. పసుపు దీపం కూడా రాలేదు. నేనే అనవసరంగా అనుమానపడ్డాననుకున్నాను.

సంక్రాంతి వెళ్లాక మా అత్తయ్యకి గుంటూరులో కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. వారం మా దగ్గర ఉంచుకుని, ఊరికి దింపడానికి బయల్దేరాం. మా అత్తగారి ఊరు పర్చూరు దగ్గర. ఇప్పుడు బాపట్ల జిల్లా అంటున్నారు గానీ 2022 దాకా ప్రకాశమే, ఆవిడకి ఇప్పటికీ ప్రకాశమే. చిలకలూరిపేట దాకా హైవే, అక్కడి నుంచి రెండు వరసల రోడ్డు. రెండు పక్కలా నల్లరేగడి చేలు. పత్తి ఆఖరి తీతల్లో ఉంది, మిరప పండుబారుతోంది. వెనక సీట్లో అత్తయ్య నల్లకళ్లద్దాలు పెట్టుకుని, పక్కన మా అమ్మాయి. డిక్కీలో ఆవిడ సామాను, మందులు, ఊళ్లో ఎవరో తెమ్మన్న ఎరువు కట్ట.

మా ముందు పత్తి బోరాలు వేసిన ట్రాక్టరు పోతోంది. ఆ బోరాలు పక్కలకి ఉబ్బి సగం రోడ్డు ఆక్రమించి ఉంటాయి, మన ప్రాంతం వాళ్లకి చెప్పక్కర్లేదు. ఎదర ఖాళీ చూసుకుని మావారు హారన్ కొట్టి, కుడిపక్కకి తీసి, కాలు గట్టిగా నొక్కారు. కారు ముందుకి దూకాల్సింది పోయి కుదిపింది. మళ్లీ కుదిపింది. వేగం అందట్లేదు. ట్రాక్టరు పక్కనే ఉండిపోయాం. దూరంగా కనబడ్డ బస్సు చూస్తుండగానే పెద్దదైపోయింది. మావారు బ్రేకు తొక్కి, ట్రాక్టరు వెనక్కి సర్దుకునేసరికి బస్సు హారన్ మోగించుకుంటూ మా పక్క నుంచి వెళ్లిపోయింది. ఆ గాలికి మా కారు ఊగింది.

"ఏమైందిరా అబ్బాయ్? బస్సు చెవిలో మోగినట్టుంది," అంది అత్తయ్య. పాపం ఆవిడకి కనబడలేదు.

"ఏం లేదమ్మా," అన్నారు మావారు. ఆయన మెడ మీద చెమట నాకు కనబడుతోంది. వెనక్కి తిరిగి చూస్తే మా అమ్మాయి నానమ్మ చెయ్యి పట్టుకుని ఉంది. ఆ తర్వాత ఊరు చేరేదాకా ఎవ్వరం మాట్లాడలేదు. ఇంకే బండినీ దాటలేదు.

రాత్రి అత్తయ్య పడుకున్నాక వాకిట్లో మంచం మీద కూర్చున్నాం. నేనే మొదలుపెట్టాను.

"ఆ రోజు ప్లగ్గుల నంబరు వేరుగా ఉందండీ. ముల్లు కూడా వేరే రకం. నేను చూశాను."

"చూస్తే అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెప్పాను. సగంలో ఆపేశాను."

ఆయన చాలాసేపు ఏం అనలేదు. ఆఖరికి, "నేను చూసిన చూపు నాకూ గుర్తుందిలే," అన్నారు. అంతే. పోట్లాట లేదు, క్షమాపణలు లేవు. కానీ పాతికేళ్లకి దగ్గరపడుతున్న కాపురంలో ఆ ఒక్క మాట నాకు చాలా పెద్దది. ఆయన తప్పు ఎంతో నా తప్పూ అంతే. చూపుకి భయపడే వయసు నాది కాదు. బండి సంగతులు మగవాళ్లవి అని ఒక గీత నేనే గీసుకుని ఇవతల నిలబడ్డాను. గీతకి అవతల మా అత్తయ్య, నా బిడ్డ, మేమిద్దరం కూడా కూర్చుని ఉన్నామని బస్సు ఎదురొచ్చేదాకా తట్టలేదు.

పొద్దున్నే బయల్దేరి, ఎవర్నీ దాటకుండా మెల్లగా గుంటూరు చేరాం. రాగానే నేను చేసిన మొదటి పని కారు పుస్తకం బయటికి తీయడం. ముందు సీటు అరలో ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా ఉంది. కాలేజీలో వ్యాకరణం చదివినట్టు పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. వెనక పేజీల్లో స్పార్క్ ప్లగ్గు నంబరు, ఖాళీ ఎంతుండాలో అదీ ఉన్నాయి. 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. అటక మీద సీసా దింపి చూస్తే పాత ప్లగ్గుల మీద అచ్చంగా అదే నంబరు. మెకానిక్ వదిలి వెళ్లిన డబ్బా మీద నంబరు చివర చిన్న గీత, తర్వాత 11. ఎన్‌జీకే లాంటి కంపెనీల నంబర్లలో ఆ చివరి అంకె ఖాళీని చెబుతుందట. 11 అంటే 1.1 మిల్లీమీటరు.

తేడా ఎంత? 0.3 మిల్లీమీటర్లు. పెళ్లి శుభలేఖ అట్టంత మందం. ఆ మాత్రానికే బస్సు కిందకి వెళ్లబోయామా అనిపించింది. కానీ లెక్క అదే. గాలి ఎంత ఒత్తిడిలో ఉంటే కరెంటు దూకడానికి అంత బలం కావాలి. బండి ఊరికే నిలబడి తిరుగుతున్నప్పుడు సిలిండర్లో గాలి పలచన, ఖాళీ ఎక్కువున్నా నిప్పురవ్వ దూకేస్తుంది. కాలు నొక్కి టర్బో గాలి నింపగానే లోపల చిక్కనవుతుంది. అప్పుడు ఇరవై ముప్ఫై వేల వోల్టులు కావాలి. ఖాళీ ఎక్కువైతే ఆ కరెంటూ చాలదు, రవ్వ తప్పుతుంది. అందుకే టర్బో కార్ల ప్లగ్గులకి ఖాళీ తక్కువ పెడతారు. అందుకే మా కారు బజారు పనులన్నిటికీ బుద్ధిగా నడిచి, నలుగురితో బరువు మీదున్నప్పుడు, దాటాల్సిన చోట మొండికేసింది. ఇంటి ముందు ఆన్ చేసి చెవి పెట్టి వింటే ఈ జబ్బు ఎవరికీ దొరకదు.

ఇంకొక సంగతి, ప్లగ్గుకి వేడి లెక్క కూడా ఉంటుంది. అట్ల పెనం మనకి తెలిసిందే కదా. చల్లగా ఉంటే అట్టు అంటుకుంటుంది, మరీ కాలితే మాడుతుంది. ప్లగ్గు కొన కూడా సుమారు 450 డిగ్రీలు దాటితేనే మీద పడ్డ మసి తనే కాల్చుకుంటుంది. 850 దాటితే రవ్వ రాకముందే ఆ ఎర్రటి కొనే పెట్రోలుని అంటించేస్తుంది, ఇంజన్‌కి అది చేటు. అందుకని వేడిని త్వరగా వదిలేవాటిని చల్ల ప్లగ్గులని, లోపల నిలుపుకునేవాటిని వేడి ప్లగ్గులని అంటారు. ఇక్కడ ఇంకో తిరకాసు. ఎన్‌జీకే, డెన్సో వాళ్ల నంబర్లలో అంకె పెరిగితే చల్ల ప్లగ్గు. బాష్ వాళ్ల దగ్గర అంకె పెరిగితే వేడి ప్లగ్గు. అంకెలు చూసి, పెద్దదైతే మంచిదేమోనని కొనేస్తే అంతే సంగతులు. మా మరిది కొడుకు ఫోనులో, "టర్బో కదా పెద్దమ్మా, ఒక మెట్టు చల్లది వేయించండి," అన్నాడు. ఇంజన్ బలం పెంచి పందేలకి తోలేవాళ్లకి అది పనికొస్తుందేమో. బజారుకీ, ఊరికీ తిరిగే మా కారుకి అది వేస్తే మసి పడుతుంది. కారు చేసినవాళ్లు టర్బో లెక్క కూడా వేసుకునే ఆ నంబరు రాశారు. పుస్తకంలో నంబరే మన నంబరు.

మూడోది, లోహం. మామూలు ప్లగ్గు ముల్లు నికెల్‌ది. మా పాత ప్లగ్గుల సన్నని ముల్లు ఇరిడియం. నికెల్ 1455 డిగ్రీలకే కరిగితే ఇరిడియం 2400 దాటితే గానీ కరగదు. అంత గట్టిది కాబట్టే 0.6 మిల్లీమీటరు లావుకి సన్నగా చెక్కినా అరగకుండా నిలుస్తుంది. మొన సన్నగా ఉంటే రవ్వ తక్కువ కరెంటుకే దూకుతుంది. ధర మామూలుదానికి మూడు నాలుగింతలు. కానీ ఎక్కువకాలం వస్తుంది. ఒక్క జాగ్రత్త, మా నాన్నలా దీన్ని గరుకు కాగితంతో రుద్దకూడదు. సన్నని మొన పోతుంది.

తర్వాతి శనివారం ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి వెళ్లాం. ఈసారి పుస్తకం, కాఫీ సీసా, డబ్బా నా సంచిలో ఉన్నాయి. మిర్చి సీజను మొదలైంది కదా, యార్డు వైపు నుంచి వచ్చే లారీలు పోతుంటే అందరికీ తుమ్ములు. ఆయన పుస్తకం నంబరు చూసి, నమ్మకమైన కొట్టు నుంచి మూడు ప్లగ్గులు తెప్పించాడు. డబ్బాలు విప్పకుండా నా చేతికిచ్చి, "మీరే సరిచూడండమ్మా," అన్నాడు. అక్షరం అక్షరం సరిచూశాను. మావారు పక్కనే నిలబడి పుస్తకంలో నంబరు పైకి చదివి వినిపించారు. చూపు లేదు.

ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా ఆయన చెయ్యి పెట్టలేదు. ఇంజన్ తల అల్యూమినియం, వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గు ఊడదీస్తే మరలు పాడవుతాయట. మూడు కాయిల్స్ ఊడదీసి, ప్లగ్గు గుంటల్లోకి గాలి గొట్టం పెట్టి ఊదాడు. ఎర్రదుమ్ము లేచింది, ఒక గుంట లోంచి చిన్న పత్తి పింజ కూడా ఎగిరి పడింది. అది ఊదకుండా ప్లగ్గు తీస్తే ఆ చెత్తంతా తిన్నగా సిలిండర్లోకే.

తీసిన ప్లగ్గుల్ని వరసగా పెట్టాడు. రెండు లేత గోధుమ రంగు. మూడోది మసి పట్టి ఉంది. దాని పింగాణీ పొడుగునా నల్లని సన్నగీత. "ఇదిగో చూశారా? కొన దగ్గర దూకలేని కరెంటు పింగాణీ పక్క నుంచి దారి చేసుకుంది," అని ఆ కాయిల్ కింది రబ్బరు తిప్పి చూపించాడు. దానికీ అలాంటి చారే. ఆ కాయిల్ కూడా మార్చాల్సొచ్చింది. ప్లగ్గు డబ్బాలో నకిలీ లేదు, సరుకు అసలుదే, మంచిదే. మరలు సరిపోయాయి, పొడుగు సరిపోయింది. మా కారుది కాదు, అంతే.

మొదటి ప్లగ్గు ఆయన బిగించాడు. రెండోది మావారు. మూడోది ఇవ్వమని నేనే చెయ్యి చాపాను. ఆయన ఆశ్చర్యపోలేదు, పానా మీద పెట్టి ఇచ్చాడు. "మొదట చేత్తోనే తిప్పండమ్మా. సాఫీగా వెళ్లాలి. పట్టేసినట్టుంటే వెనక్కి తీసి మళ్లీ పెట్టండి, బలం వాడొద్దు." పచ్చడి సీసా మూత అడ్డంగా పడితే ఎలా తెలుస్తుందో వేళ్లకి అలాగే తెలిసింది. అడుగు తగిలాక టార్క్ రెంచ్ ఇచ్చాడు. 14 మిల్లీమీటర్ల మర ఉన్న ప్లగ్గుకి 25 నుంచి 30, 12 మిల్లీమీటర్లదానికి 15 నుంచి 20 న్యూటన్ మీటర్లు. ఇందులోనూ కారు పుస్తకం మాటే మాట. టక్కుమని చప్పుడు రాగానే ఆపేయాలి. ఎక్కువ బిగిస్తే గట్టిగా ఉంటుందనుకోవడం పొరపాటు, మర తెగుతుంది. మరలకి గ్రీజు కూడా రాయొద్దన్నాడు. ప్లగ్గుకి ముందే పూత ఉంటుంది, పైన జారుడు రాస్తే తెలియకుండానే ఎక్కువ బిగిసిపోతుందట.

ఆ తర్వాత ఆయన చెప్పింది అందరికీ పనికొస్తుంది. "ఇక్కడ స్టార్ట్ చేసి బాగుందని వెళ్లిపోకండి. నలుగురు ఎక్కి, ఖాళీ రోడ్డు మీద కాలు నొక్కి చూడండి." మేస్త్రీ, ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాడు వెనక ఎక్కారు. హైవే మీద ఏ బండీ లేని చోట మావారు కాలు నొక్కారు. కారు సాఫీగా ముందుకి పోయింది. ఆయన ఊపిరి వదలడం నాకు వినిపించింది.

ఇంటికి వచ్చి డైరీలో రాస్తుంటే మావారు వచ్చి, "ఆ పాత మెకానిక్కి ఫోన్ చేశాను. తప్పు పట్టడానికి కాదు, ఇంకొకళ్ల బండికి వేయకుండా," అన్నారు. ఆయన ఏమన్నాడని అడిగాను. "మొదట వాదించాడు. నంబరు చివర 11 సంగతి చెబితే ఆగి, రాసుకుంటా చెప్పండి అన్నాడు." నేను ఏమీ అనలేదు. మొహమాటానికి ఆ రోజు అడగని ప్రశ్న ఇప్పుడు అడిగితే ఎవరి పరువూ పోలేదు.

మొన్న శివరాత్రికి ముందు మా నాన్నని చూడ్డానికి వెళ్లాను. మిరపకాయలు కల్లంలో ఆరబోసి ఉన్నాయి, ఆయన కుర్చీ వేసుకుని కాపలా. సీసాలోంచి పాత ఇరిడియం ప్లగ్గు తీసి ఆయన అరచేతిలో పెట్టాను. కళ్లజోడు సర్దుకుని, వెలుగులోకి తిప్పి చూశాడు. "గోధుమ రంగే. బండి బాగుందమ్మాయ్," అన్నాడు. తర్వాత ముల్లుని గోటితో తాకబోయి, "ఇదేంది, ఇంత సన్నంగా ఉంది?" అన్నాడు. గరుకు కాగితం దీనికి పనికిరాదని ఈసారి నేను చెప్పాను, ఆయన విన్నాడు.

మీ కారు పుస్తకం ఎక్కడుందో ఒకసారి వెతకండి. ప్లగ్గుల నంబరు, ఖాళీ, ఎన్ని కిలోమీటర్లకి మార్చాలో మీ పాల లెక్క పక్కన రాసిపెట్టుకోండి. ఎవరైనా ఇంటికొచ్చి మార్చేటప్పుడు మజ్జిగ ఇవ్వండి, నంబరు కూడా చూడండి. వేరుగా ఉంటే చెప్పండి, పూర్తిగా చెప్పండి.